ఎవరూ వాయిదా వేయని పెళ్లి: ఒక కుటుంబ కౌన్సెలింగ్ కేస్ స్టడీ

కేసు వచ్చిన తీరు

మొదటి రోజు నా ఎదుట కూర్చున్నది తల్లిదండ్రులు మాత్రమే. వారి కుమార్తెకు అప్పటికి 32 ఏళ్లు నిండాయి, ఆమె వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. "పెళ్లి మాటెత్తితే ఫోన్ పెట్టేస్తోంది మేడం. మీరొకసారి మాట్లాడి చూడండి" అన్నారు తల్లి. వివరాలు నింపే ఫారంలో 'సమస్య' అన్న గడిలో తండ్రి తన చేతిరాతతో 'పెళ్లికి నిరాకరణ' అని రాశారు. ఏడు నెలల్లో తొమ్మిది సెషన్లుగా నడిచిన ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ రెండు మాటలే. అక్కడ నిరాకరణ అన్నదే లేదని తేలడానికి మూడో సెషన్ దాకా పట్టింది, ఆ ఆలస్యంలో నా వాటా కూడా ఉంది.

కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలను తొలగించాను, కొన్నింటిని మార్చాను. రాతప్రతిని ముగ్గురూ చదివి ఒప్పుకున్నారు. తండ్రి నెలనెలా జీతం వచ్చే స్థిరమైన ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవారు. తల్లి 19వ ఏట పెళ్లి చేసుకుని, ఇద్దరు పిల్లలను పెంచి, ఇంటి బాధ్యతంతా మోసినవారు. కుమార్తె పోస్టుగ్రాడ్యుయేట్, 22వ ఏటి నుంచి ఇంటికి దూరంగానే ఉంటోంది. ఆమె కంటే ఐదేళ్లు చిన్నవాడైన తమ్ముడు సెషన్లకు రాలేదు కానీ, కథలో అతనికీ ఒక చోటు ఉంది.

మొదటి అంచనా, అందులోని పొరపాటు

కౌన్సెలర్లకు ఒక అలవాటు ఉంటుంది. మనిషి చేయవలసిన పని చేయడం లేదని ఎవరైనా చెబితే, కారణాన్ని ఆ మనిషి మనసులోనే వెతుకుతాం. నేనూ అదే చేశాను. కుమార్తెతో జరిగిన మొదటి రెండు సెషన్లలో చిన్ననాటి ఇంటి వాతావరణం, తల్లిదండ్రుల మధ్య గొడవలు, గతంలో తెగిపోయిన పరిచయాలు, ఒంటరిగా ఉండటంలోని సుఖం, వీటి చుట్టూనే ప్రశ్నలు వేశాను. ఆమె అన్నింటికీ మర్యాదగా, క్లుప్తంగా జవాబులిచ్చింది. రెండో సెషన్ చివర బ్యాగు తీసుకుంటూ, "మేడం, మీరడిగేవన్నీ నాకు పెళ్లంటే ఎందుకు భయమో కనిపెట్టే ప్రశ్నలే. అసలు నాకు భయమని మీకెవరు చెప్పారు?" అంది.

ఆ ప్రశ్నను ఆ రోజే ఫైల్లో రాసుకున్నాను. ఎవరు చెప్పారంటే, ఫారంలోని ఆ గడే చెప్పింది. ఒక ఇంటి వారు తమ కష్టానికి పెట్టుకున్న పేరునే రోగ నిర్ధారణగా తీసుకోవడం నా వృత్తిలో చాలా సులువుగా జరిగే తప్పు. పెళ్లి విషయంలో అది మరీ సులువు. ఎందుకంటే పెళ్లి ఇద్దరి ఇష్టాయిష్టాల వ్యవహారంలా పైకి కనబడుతుంది, దాని వయసును, తీరును నిర్ణయించే శక్తుల్లో ఎక్కువ భాగం మాత్రం ఇంటి గడపకు అవతల పనిచేస్తుంటాయి.

కాగితం మీద రెండు జీవితాలు

మూడో సెషన్‌కు ముగ్గురినీ కలిపి పిలిచాను. పెద్ద చార్టు కాగితం మీద 15 నుంచి 35 దాకా ఏడాదికొకటి చొప్పున గళ్లు గీసి, తల్లికి పైవరుస, కుమార్తెకు కిందివరుస ఇచ్చాను. ఏ ఏడు జీవితంలో ఏ పెద్ద సంగతి జరిగిందో ఆ గడిలో రాయమన్నాను. తల్లి పెన్సిలు తీసుకున్నారు, కుమార్తె పెన్ను తీసుకుంది.

తల్లి వరుస తొందరగానే పూర్తయింది. 17 దగ్గర 'చదువు మానేశాను', 19 దగ్గర 'పెళ్లి', 20 దగ్గర 'కాపురం, అత్తగారు', 21 దగ్గర 'అమ్మాయి', 26 దగ్గర 'అబ్బాయి'. తర్వాతి గళ్లలో ఆవిడ ఏమీ రాయలేదు. 27 నుంచి 35 దాకా పెన్సిలుతో ఒక గీత లాగి వదిలేశారు. కాసేపటికి మళ్లీ 19 దగ్గరకు వచ్చి, పెళ్లి అన్న మాట పక్కన చిన్న అక్షరాలతో 'ఇక్కడే అన్నీ' అని చేర్చారు.

కుమార్తె వరుసలో చోటు చాలలేదు. 22 దగ్గర డిగ్రీ, 24 దగ్గర పీజీ, 25 దగ్గర మొదటి ఉద్యోగం, 25 నుంచి 28 దాకా చదువు అప్పు తీర్చడం, 27 దగ్గర 'తమ్ముడి ఫీజు', 28 దగ్గర 'కంపెనీ మా విభాగం మూసేసింది', 29 దగ్గర కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, 30 దగ్గర 'నాన్న ఆపరేషన్', 31 దగ్గర 'ఉద్యోగం ఖాయం'. ఆ వరుసలో పెళ్లి అన్న మాట ఎక్కడా లేదు. కానీ పెళ్లి వద్దని చెప్పిన గడి కూడా ఒక్కటీ లేదు.

తండ్రి చాలాసేపు 27వ గడినే చూశారు. "ఆ ఏడు రెండు సంబంధాలు వచ్చాయి. వాడి చదువు ఒక కొలిక్కి రానీ అని నేనే అన్నాను" అన్నారు చివరికి. కుమార్తె ఆ మాట తాను ఎన్నడూ ఎత్తలేదని, ఇప్పుడు కూడా తప్పుపట్టడం లేదని చెప్పింది. ఆ గదిలో ముగ్గురికీ ఒకేసారి అర్థమైనదేమిటంటే, ఈ పెళ్లిని ఆలస్యం చేయాలని ఏ రోజూ, ఎవరూ నిర్ణయం తీసుకోలేదు. పీజీ చదివించడం మంచి నిర్ణయం, అప్పు ముందు తీర్చేయడం మంచి నిర్ణయం, తమ్ముడికి అండగా నిలబడటం మంచి నిర్ణయం. ఒక్కొక్కటి విడిగా చూస్తే తప్పుపట్టడానికి ఏమీ లేని ఆరేడు నిర్ణయాలు వరుసగా పేరుకుని పదేళ్లయ్యాయి.

నేను వాడిన సామాజిక శాస్త్ర పరిభాష ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఆండ్రూ చెర్లిన్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త 2004లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, పెద్దవారి జీవితానికి ఒకప్పుడు పునాదిరాయిగా ఉన్న పెళ్లి ఇప్పుడు కట్టడమంతా పూర్తయ్యాక పైన నిలిపే కలశంలా మారిందన్న అర్థంలో వాదించారు. తల్లి వరుసలో 'ఇక్కడే అన్నీ' అన్న మాట పునాది కథ. కుమార్తె వరుస ఇంకా గోడలు లేస్తున్న ఇల్లు. పునాదిగా ఉన్నప్పుడు పెళ్లికి ముందు సిద్ధం కావలసినవి కొన్నే, ఆ తర్వాత సమకూరేవి ఎక్కువ. కలశమైనప్పుడు చదువు, ఉద్యోగం, అప్పుల విముక్తి, చేతిలో కొంత నిల్వ, మానసిక పరిణతి, ఇవన్నీ ముందే అమరాలి. పైగా ఈ జాబితా ఎవరూ రాయకుండానే ఏటేటా పెరుగుతూ పోతోంది.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. అమెరికా జనగణన శాఖ లెక్కల ప్రకారం మొదటి పెళ్లి నాటి మధ్యగత వయసు (సగం మంది అంతకు ముందు, సగం మంది ఆ తర్వాత పెళ్లి చేసుకున్న వయసు) 1960లో పురుషులకు 22.8, స్త్రీలకు 20.3 ఏళ్లు. 2023లో అది పురుషులకు 30.2, స్త్రీలకు 28.4. రెండు తరాల్లో ఏడెనిమిదేళ్లు పెరిగిందన్న మాట. ఇంతటి మార్పును మొండితనమనో, భయమనో వ్యక్తుల ఖాతాలో వేయడం కుదరదు. ఒక్క ఇంట్లో జరిగితే స్వభావం అనవచ్చు, కోట్ల ఇళ్లలో ఒకేలా జరిగితే దానికి కారణం వేరే చోట ఉంటుంది.

ఇక్కడ చిన్న పక్కమాట. 'వెనకటి రోజుల్లో అందరూ చిన్న వయసులోనే చేసుకునేవారు' అన్న మాట నా గదిలో రోజూ వినబడుతుంది, అది ప్రపంచమంతటికీ వర్తించదు. జాన్ హజ్నాల్ అనే జనాభా శాస్త్రవేత్త 1965లో, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఇటలీలోని ట్రియెస్టె దాకా ఒక ఊహారేఖ గీస్తే, దానికి పడమట ఉన్న ఐరోపాలో కొన్ని శతాబ్దాల పాటు స్త్రీలు సగటున 20ల మధ్యలో పెళ్లి చేసుకున్నారని, గణనీయమైన భాగం అసలు పెళ్లే చేసుకోలేదని చూపించారు. అక్కడ కొత్త దంపతులు సొంతంగా వేరు కాపురం పెట్టాలి, అందుకు ముందు కొన్నేళ్లు ఇతరుల ఇళ్లలో, పొలాల్లో పనిచేసి కూడబెట్టుకోవాలి. అత్తమామల ఇంట్లో కాపురం మొదలుపెట్టే సమాజాల్లో ఆ నిరీక్షణ అక్కర్లేదు. కాబట్టి పెళ్లి వయసును పెంచేది 'ఆధునికత' అన్న ఒక్క మాట కాదు. కాపురానికి ముందు ఎంత సమకూర్చుకోవాలని సమాజం అడుగుతుంది, ఆ బరువు ఇంటి పెద్దలు మోస్తారా, ఆ ఇద్దరే మోయాలా అన్నదే అసలు ప్రశ్న. ఈ మాట చెప్పినప్పుడు తండ్రి మొదటిసారి కాగితం మీద ఏదో రాసుకున్నారు.

సంపాదన వచ్చాక మొగుడితో పనేముంది?

నాలుగో సెషన్ మొదట్లో తండ్రి మనసులో మాట బయటపెట్టారు: "చేతిలో జీతం ఉంటే ఇక మొగుడితో పనేముందని అనుకుంటున్నారు మేడం, ఈ కాలం ఆడపిల్లలు." ఈ మాటను పాతకాలపు చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1970లలో నిర్మించిన వివాహ సిద్ధాంతం సారాంశంలో ఇంచుమించు ఇదే. భర్త బయట సంపాదిస్తాడు, భార్య ఇల్లు నడుపుతుంది, ఈ పని విభజన వల్ల ఇద్దరికీ లాభం. స్త్రీ సంపాదన పెరిగేకొద్దీ ఆ లాభం తగ్గుతుంది కనుక పెళ్లి ఆకర్షణ కూడా తగ్గుతుంది.

వాలరీ ఆపెన్‌హైమర్ అనే సమాజశాస్త్రవేత్త 1988లో దీనికి గట్టి ప్రత్యామ్నాయాన్ని ముందుకు తెచ్చారు. ఆమె దృష్టిలో పెళ్లంటే భవిష్యత్తును ఊహించి చేసే ఎంపిక. పాతికేళ్ల వ్యక్తి పదేళ్ల తర్వాత ఏ పనిలో, ఏ ఊళ్లో, ఏ స్థితిలో ఉంటాడో, ఉంటుందో తెలియనప్పుడు జోడు కుదరడం కష్టమవుతుంది. ఉద్యోగాలు స్థిరపడటం ఆలస్యమైతే ఎంపికా ఆలస్యమవుతుంది. ఒకప్పుడు అబ్బాయి భవిష్యత్తును అంచనా వేస్తే చాలు, అమ్మాయి భవిష్యత్తు పెళ్లితోనే తెలిసిపోయేది. ఇప్పుడు ఇద్దరి భవిష్యత్తులనూ అంచనా వేయాలి. అంటే స్త్రీ చదువు, ఉద్యోగం పెళ్లిని రద్దు చేయడం లేదు, వెతుకులాట కాలాన్ని పొడిగిస్తున్నాయి.

ఈ కేసు వరకు నా తీర్పు ఆపెన్‌హైమర్ వైపే. కుమార్తె చార్టులో 28వ గడి అందుకు సాక్ష్యం. సంపాదన ఉన్నన్నాళ్లూ పెళ్లి గురించి ఆమె ఆలోచిస్తూనే ఉంది. విభాగం మూతపడి ఉద్యోగం పోయిన ఏడే ఆ ఆలోచన పూర్తిగా ఆగిపోయింది. బెకర్ లెక్క ప్రకారమైతే సంపాదన పోయినప్పుడు పెళ్లి ఇంకా అవసరంగా కనబడాలి. ఆమె మాట వేరుగా ఉంది: "చేతిలో ఏమీ లేకుండా వెళితే, అక్కడ నాకు మాట ఉండదు." అమెరికాలో ఇటీవలి దశాబ్దాల అనుభవం కూడా ఇటే మొగ్గుతుంది. డిగ్రీ చదివిన స్త్రీలు పెళ్లి ఆలస్యంగా చేసుకుంటున్నారు తప్ప మానేయడం లేదు, వారి పెళ్లిళ్లు తక్కువ చదివినవారి పెళ్లిళ్ల కంటే ఎక్కువగా నిలుస్తున్నాయి. పెళ్లికి దూరమవుతున్నవారిలో ఎక్కువమంది స్థిరమైన ఉపాధి లేనివారు, ముఖ్యంగా తక్కువ చదువున్న పురుషులు, వారికి జోడు కావలసిన స్త్రీలు. సమాజశాస్త్రవేత్త సారా మెక్‌లనహన్ 2004లో ఈ చీలికను, దానివల్ల పిల్లల భవితవ్యాలు రెండు దారులు పట్టడాన్ని వివరంగా చూపారు. చదువుకున్న ఆడపిల్ల పెళ్లి వ్యవస్థను కూలుస్తోందన్న మాట నాకు తరచూ వినబడుతుంది, అంకెలు మాత్రం వేలును ఉపాధి అస్థిరత వైపు చూపిస్తున్నాయి.

మొత్తం పెళ్లిళ్ల సంఖ్యను చూసి బెంబేలెత్తేవారికి ఇంకో మాట చెప్పాలి. చైనాలో 2013లో సుమారు 1 కోటి 34 లక్షల జంటలు వివాహం నమోదు చేసుకున్నాయి, 2024లో ఆ సంఖ్య 61 లక్షలకు పడిపోయింది. చూడటానికి ఇది పెళ్లి మీద విరక్తిలా ఉంటుంది. కానీ అందులో కొంత భాగం, జననాలు తగ్గిన కాలంలో పుట్టినవారు ఇప్పుడు పెళ్లి వయసుకు రావడం, అంటే పెళ్లి చేసుకోవలసినవారే తక్కువమంది కావడం. అంకె కింద ఏముందో చూడకుండా మనస్తత్వం గురించి తీర్పు చెప్పకూడదు.

ఆమె దాచిన మనిషి

నాలుగో సెషన్ రెండో సగం కుమార్తెతో ఒంటరిగా జరిగింది. తనకు మూడేళ్లుగా ఒకరితో స్నేహం ఉందని, అతను తన కంటే రెండేళ్లు చిన్నవాడని, జీతం తన కంటే తక్కువని, ఉద్యోగం కూడా కాంట్రాక్టు మీద నడుస్తోందని అప్పుడు చెప్పింది. ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, తండ్రి అడ్డుచెబుతారని. అది ఊహించిన జవాబే. కాసేపాగి ఆమె అన్న మాట ఊహించనిది: "నిజం చెప్పాలంటే నాన్న షరతు నాలోనూ ఉంది మేడం. అతని జీతం నా కంటే ఎక్కువగా ఉండుంటే ఈ మాట ఎప్పుడో చెప్పేదాన్ని."

ఈ కేసు మొత్తంలో నేను ఎక్కువసేపు ఆలోచించిన వాక్యం ఇదే. స్త్రీలు తమకంటే చదువులో, సంపాదనలో, వయసులో పైనున్నవారిని చేసుకోవడం ఎన్నో సమాజాల్లో పాత రివాజు. పురుషులకు చదువు ఎక్కువగా, స్త్రీలకు తక్కువగా ఉన్నంతకాలం ఆ రివాజు లెక్కప్రకారం ఇబ్బంది లేకుండా నడిచింది. ఇప్పుడు చాలా దేశాల్లో విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిల సంఖ్య అబ్బాయిలను దాటింది. చదువు మెట్లు ఎక్కింది, 'పైనున్నవాడే కావాలి' అన్న షరతు మాత్రం కిందిమెట్టు మీదే ఉండిపోయింది. ఫలితంగా నిచ్చెనకు రెండు చివర్లలో మనుషులు మిగిలిపోతారు: బాగా చదివిన స్త్రీలు ఒక కొసన, చదువూ ఉపాధీ లేని పురుషులు మరో కొసన. వీరిలో ఎవరికీ పెళ్లి మీద వైరం లేదు, కూడిక తప్పుతోంది, అంతే. అయితే జనాభా శాస్త్రవేత్తలు గమనించిన మరో సంగతి నాకు ఊరటనిచ్చింది. స్త్రీల చదువు పురుషుల చదువును దాటిన దేశాల్లో, భార్యకు భర్త కంటే ఎక్కువ చదువున్న జంటలు క్రమంగా పెరిగాయి. షరతులు కూడా కదులుతాయి, కాకపోతే చదువు కదిలినంత వేగంగా కదలవు.

షరతులు కదలని చోట ఏమవుతుందో జపాన్ చూపిస్తుంది. అక్కడ 50 ఏళ్ల నాటికి ఒక్కసారి కూడా పెళ్లి చేసుకోనివారు 1980లో పురుషుల్లో 3 శాతం లోపు, స్త్రీలలో 5 శాతం లోపు. 2020 నాటికి ఆ వాటా పురుషుల్లో సుమారు 28 శాతం, స్త్రీలలో 18 శాతం. స్త్రీల చదువు, ఉద్యోగావకాశాలు పెరిగిన ఆ సమాజంలో ఇంటిపని, పిల్లల పని, పెద్దల సంరక్షణ చాలావరకు భార్య మీదే ఉండిపోయాయి. అటువంటి చోట పెళ్లంటే స్త్రీకి రెండో ఉద్యోగం. ఇంటి బయట మారినంతగా ఇంటిలోపల మారకపోవడాన్ని సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1989లోనే మధ్యలో ఆగిపోయిన విప్లవంగా వర్ణించారు. పీటర్ మెక్‌డొనాల్డ్ అనే జనాభా శాస్త్రవేత్త 2000లో, చదువులో ఉద్యోగంలో సమానత్వం వచ్చి కుటుంబంలో రాని చోట్ల జననాలు బాగా తగ్గుతాయని వాదించారు. పెళ్లిళ్ల విషయంలోనూ అదే తర్కం పనిచేస్తున్నట్టు నాకు తోస్తుంది.

ఐదో సెషన్‌కు అతను కూడా వచ్చాడు. తల్లిదండ్రులకు విషయం అప్పటికే ఆమే చెప్పింది, ఆ వారం ఇంట్లో ఎలా గడిచిందో నేను అడగలేదు. ఇద్దరికీ చెరొక కాగితం ఇచ్చి, ఒక ఇల్లు ఒక నెల నడవాలంటే జరగాల్సిన పనులన్నీ విడివిడిగా రాయమన్నాను. అతని జాబితాలో పదకొండు పనులు వచ్చాయి: శుభ్రం చేయడం, బట్టలు, బిల్లులు, మరమ్మతులు, ఇలా. ఆమె జాబితాలో ఇరవై ఆరు. 'అమ్మ మందులు అయిపోతున్నాయని గుర్తుండటం', 'ఎవరింట్లో ఏ శుభకార్యమో తెలిసి ఉండటం', 'డాక్టరు అపాయింట్‌మెంట్లు', 'ఎవరు అలిగారో కనిపెట్టడం' వంటివి అందులో ఉన్నాయి. అతను ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఇవి కూడా పనులేనని నాకు తోచలేదండీ" అన్నాడు. అది తప్పించుకునే మాట కాదు, నిజంగా తోచలేదు. జీతం తేడా గురించిన చర్చ ఆ తర్వాత సగానికి తగ్గింది. ఆమె వెతుకుతున్నది తనకంటే ఎక్కువ సంపాదించే మనిషిని కాదని, ఆ పదిహేను పనులను చూడగలిగే మనిషినని ఆమెకే స్పష్టమైంది.

మాట ఎందుకు చెల్లడం లేదు

తండ్రి బాధలో ఇంకో పొర ఉంది. ఆరో సెషన్‌లో ఆయన అడిగారు: "మా నాన్న చెబితే నేను మారు మాట్లాడలేదు. నేను చెబితే ఎందుకు చెల్లదు?" ఈ ప్రశ్నకు విలియం గూడ్ అనే సమాజశాస్త్రవేత్త 1963లో ఇచ్చిన వివరణ ఇప్పటికీ పనికొస్తుంది. భూమి, వృత్తి, పరపతి కుటుంబ పెద్ద చేతిలో ఉన్నంతకాలం పిల్లల పెళ్లి కూడా ఆ చేతిలోనే ఉంటుంది. ఎందుకంటే కాపురం నిలబడేది ఆ ఆస్తి మీద. ఉద్యోగాలు కుటుంబానికి బయట, చదువును బట్టి, అపరిచితులు ఇచ్చేవిగా మారినప్పుడు పెద్దల చేతిలోని పట్టు సడలుతుంది. ఇందులో గౌరవం తగ్గిందా లేదా అన్నది వేరే విషయం. ఈ తండ్రికి తన తండ్రి పొలం ఇచ్చారు, ఈయన కుమార్తెకు చదువు ఇచ్చారు. పొలం ఊళ్లోనే ఉంచుతుంది, చదువు ఊరు దాటిస్తుంది. ఇది విన్నాక ఆయన కొంత తేలికపడినట్టు కనిపించారు. తన మాట చెల్లకపోవడం తన పెంపకంలోని లోపం కాదని, ఒక రకంగా ఆ పెంపకం ఫలితమేనని ఆయనకు అంతకు ముందు తోచలేదు.

అయితే గూడ్ ఊహించినట్టు లోకంలోని కుటుంబాలన్నీ ఒకే అచ్చులోకి వచ్చి చేరలేదు. రాన్ లెస్తాగె, డిర్క్ వాన్ డె కా అనే జనాభా శాస్త్రవేత్తలు 1986లో 'రెండో జనాభా పరివర్తన' అని పేరుపెట్టిన మార్పులు, అంటే ఆలస్య వివాహం, సహజీవనం, పెళ్లి వెలుపలి జననాలు, అన్నీ ఒక మూటగా అన్ని చోట్లకూ రాలేదు. ఫ్రాన్స్, స్వీడన్ దేశాల్లో సగానికి పైగా పిల్లలు పెళ్లి చేసుకోని తల్లులకు పుడుతున్నారు. ఫ్రాన్స్ 1999లోనే పెళ్లికి తక్కువ, సహజీవనానికి ఎక్కువ అనదగ్గ ఒక చట్టబద్ధ ఒప్పందాన్ని తెచ్చింది. జపాన్‌లో పెళ్లిళ్లు తగ్గినా, పెళ్లి వెలుపలి జననాలు 2 శాతం దగ్గరే ఉన్నాయి. ఒక చోట పెళ్లికి ప్రత్యామ్నాయాలు పుట్టాయి, మరో చోట పెళ్లి మాత్రమే పలచబడింది.

జోడు వెతికే దారి కూడా చేతులు మారింది. సమాజశాస్త్రవేత్త మైకేల్ రోసెన్‌ఫెల్డ్, సహచరులు అమెరికాలో చేసిన సర్వే ప్రకారం, 2017లో కలిసిన స్త్రీపురుష జంటల్లో సుమారు 39 శాతం ఆన్‌లైన్‌లోనే పరిచయమయ్యారు. స్నేహితులు, బంధువులు, ఇరుగుపొరుగు కలిపే పని తగ్గింది. ఎంపిక పెరగడం వరమే, కానీ ఫోన్ తెరలో ఎప్పుడూ ఇంకొకరు ఉంటారన్న భావం నిర్ణయాన్ని వాయిదా వేయించడం నా దగ్గరకు వచ్చే మిగతా కేసుల్లో చూస్తున్నాను. ఈ కేసులో అది లేదు, కాబట్టి అక్కడితో ఆపుతాను.

తల్లి అడిగిన ప్రశ్న

ఏడో సెషన్ దాకా తల్లి తక్కువగానే మాట్లాడారు. ఆ రోజు ఆవిడ, "రేపు నచ్చకపోతే విడిపోతారు కదా. ఆ మాత్రానికి పెళ్లెందుకు?" అని అడిగారు. కోపంగా కాదు, తెలుసుకోవాలనే అడిగారు.

ఎర్నెస్ట్ బర్జెస్ అనే సమాజశాస్త్రవేత్త 1945లోనే, కుటుంబం ఒక వ్యవస్థ నుంచి సాహచర్యం వైపు మారుతోందని రాశారు. వ్యవస్థగా ఉన్న పెళ్లిని చట్టం, బంధువర్గం, ఊరి నోరు, ఆర్థిక అవసరం నిలబెడతాయి. సాహచర్యంగా ఉన్న పెళ్లిని ఇద్దరి మధ్య ఉన్నదే నిలబెట్టాలి. మరో సమాజశాస్త్రవేత్త ఆంథొనీ గిడెన్స్ 1992లో ఇంకో అడుగు ముందుకేసి, ఇద్దరికీ తృప్తి ఉన్నంతకాలమే కొనసాగే బంధం గురించి రాశారు. చట్టాలు కూడా ఇదే దిశలో కదిలాయి. కాలిఫోర్నియా 1969లో చేసిన చట్టం 1970 జనవరి 1 నుంచి, ఎవరి తప్పూ నిరూపించనక్కర్లేని విడాకులకు దారి తెరిచింది. అమెరికాలో విడాకుల రేటు 1980 ప్రాంతంలో శిఖరానికి చేరి, తర్వాతి దశాబ్దాల్లో తగ్గుతూ వచ్చింది. ఆలస్యంగా, ఆచితూచి చేసుకునే పెళ్లిళ్లు పెరగడం అందుకు ఒక కారణం. కాబట్టి తల్లి భయపడుతున్న రెండు విషయాలు, ఆలస్యం, విడాకులు, ఒకే దిక్కుకు లాగేవి కావు.

ఇదంతా చెప్పాక ఆవిడ చార్టు కాగితం మళ్లీ తీయమన్నారు. 27 నుంచి 35 దాకా తాను గీసిన గీత మీద వేలు పెట్టి, "ఇందులో నచ్చడం నచ్చకపోవడం అన్న లెక్కే లేదమ్మా" అన్నారు కూతురితో. పెళ్లి మీద ఫిర్యాదుగా కాదు, ఒక వివరంగా. కూతురు ఏమీ అనలేదు, కుర్చీ కాస్త దగ్గరకు జరుపుకుంది. ఆ మౌనాన్ని నేను పొడిగించాను, వ్యాఖ్యానించలేదు.

ఈ కేసు ఎంతవరకు చెబుతుంది

చదువు, జీతం, ఆదుకునే తల్లిదండ్రులు ఉన్న ఒక అమ్మాయి కథ ఇది. యునిసెఫ్ అంచనా ప్రకారం ప్రపంచంలో ఇప్పటికీ ఏటా సుమారు 1 కోటి 20 లక్షల మంది బాలికలకు 18 ఏళ్లు నిండకముందే పెళ్లవుతోంది. వారి చార్టులో నింపడానికి గళ్లే మిగలవు. ఆలస్యం ఒక సమస్యగా కనబడాలంటే ముందు ఆలస్యం చేయగల స్వేచ్ఛ ఉండాలి. తోటి కౌన్సెలర్లు ఈ కేసును తమ పనిలో వాడదలిస్తే, చార్టు అభ్యాసాన్ని మొదటి సెషన్‌లోనే చేయమంటాను. నాకు రెండు సెషన్లు వృథా అయ్యాయి. ఇంకొకటి, తండ్రి వరుస కూడా గీయించి ఉండవలసింది. ఆ ఆలోచన నాకు కేసు ముగిశాక వచ్చింది.

ఫలితం

ఎనిమిదో సెషన్‌లో కుటుంబం పెళ్లికి ముందు పూర్తి కావాలనుకున్న పనుల జాబితా రాసింది. మొదట తొమ్మిది అంశాలు వచ్చాయి. ఒక్కోదాన్ని పెళ్లి తర్వాత చేస్తే ఏమవుతుందని అడుగుతూ వెళితే మూడు మిగిలాయి: ఇద్దరి అప్పుల వివరాలు దాపరికం లేకుండా చెప్పుకోవడం, తల్లిదండ్రుల సంరక్షణలో ఎవరి భాగం ఎంతో తేల్చుకోవడం, ఏ ఊళ్లో ఉండాలో నిర్ణయించడం. జీతం షరతును తండ్రే కొట్టేశారు, కాంట్రాక్టు ఉద్యోగం మీద మాత్రం ఆయనకు గుబులు పోలేదు, అది పోవాలని నేనూ ఆశించలేదు.

తొమ్మిదో సెషన్ నాటికి మొదటి రెండూ తేలాయి. మూడోది తేలలేదు. ఆమె ఉద్యోగం ఉన్న ఊరికి అతను రావాలంటే కాంట్రాక్టు వదులుకోవాలి, అతని ఊరికి ఆమె వెళ్లాలంటే 31వ గడిలో రాసుకున్న 'ఉద్యోగం ఖాయం' అన్న మాట కొట్టేయాలి. ముగ్గురి అంగీకారంతో ఫారంలోని 'సమస్య' గడిలో పాత మాటలు తీసేసి, 'ఇద్దరి ఉద్యోగాలు, రెండు ఊళ్లు' అని రాశాను. అతని కాంట్రాక్టు గడువు నాలుగు నెలల్లో ముగుస్తుంది. పునఃపరిశీలన సెషన్ ఆ తర్వాతి వారానికి పెట్టుకున్నాం.